ఫూల్‌బాయి ఉపవాసం, నా పల్లీ పెరుగు

"ఏటే, పెరుగు తోడుకుందా?"

"తోడుకుంటాది లెండి. మీరు ముందు కళ్ళు మూసుకోండి."

మా ఆయనకీ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. రాయ్‌పూర్ మోవాలో మా ఇంటి ముందుగదిలో, భోజనాల వేళకి కాస్త ముందు. పెళ్ళయిన నాటినుంచి నేను చెప్పిన పని ఒక్క పిలుపుకి చేసిన మనిషి కాదు. ఈ ఒక్కటి మాత్రం చెప్పగానే చేశారు.

పోయే ముందు ఏమన్నారమ్మా, దేవుణ్ణి తలచుకున్నారా అని వచ్చినవాళ్ళందరూ అడిగారు. పెరుగు గురించి అడిగారని ఎలా చెప్పను? "ఏదో అన్నారు" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఏడుస్తున్నాననుకున్నారు. ఏడుస్తూనే ఉన్నాను, కానీ మధ్యలో ఒక నవ్వు కూడా వచ్చింది. అదెందుకు వచ్చిందో మీకు తెలియాలంటే, ఆ పెరుగు నన్ను రాయ్‌పూర్ రైల్వే కాలనీ ఆడవాళ్ళందరి ఎదుటా నీళ్ళ గుంటలో కూర్చోబెట్టిన సంగతి చెప్పాలి. పరువు అనేది కుండలో ఉండే వస్తువైతే, నాది ఆ రోజే పగిలింది.

నాకు చదువు సంతకం దాకానే. టాటీబంధ్ నుంచి ఆదివారాలు వచ్చే మా తమ్ముడి కూతురు పద్మ రాస్తోంది. నవ్వొస్తే నవ్వుకో గానీ నా మాటలు సర్దకు అని ముందే చెప్పాను.

మాది శ్రీకాకుళం వైపు. మా ఆయన ఇక్కడి వ్యాగన్ల షాపులో ఫిట్టరు. పెరుగు లేకపోతే ఆయనకి అన్నం తిన్నట్టే ఉండదు. పప్పుతో తిన్నదీ పులుసుతో తిన్నదీ లెక్కలోకి రాదు. పెళ్ళి భోజనాల్లో పెరుగు గిన్నె ఎటునుంచి వస్తోందా అని, లేటయిన బండి కోసం ప్లాట్‌ఫారం అంచున నిలబడ్డవాడిలా మెడ చాచి చూసేవారు. అలాంటి మనిషికి పెళ్ళాన్నయి ఉండి నేను పాలు మానేశాను.

ఎందుకు మానేశానంటే, మాకు పాలు పోసేవాడి పాక రైలు పట్టాల అవతల ఉండేది. చెంబు పట్టుకుని నేనే వెళ్ళేదాన్ని. ఒక పొద్దున్న వెళ్ళేసరికి ఆవు ముందు దూడ నిలబడి ఉంది. ఈగలు వాలుతున్నా తోక ఊపదు. దగ్గరికి వెళ్ళి చూస్తే అది దూడ కాదు, దూడ తోలు. లోపల గడ్డి కూరి కుట్టారు. కుట్ల మధ్య నుంచి గడ్డిపోచలు బయటికి వస్తున్నాయి. దూడ చచ్చిపోయిందట. దూడ లేకపోతే ఆవు పాలు చేపదు గనక, దాని తోలునే దాని ముందు నిలబెట్టాడు. ఆవు ఆ తోలుని నాకుతోంది. నాకుతూ నాకుతూ పాలిస్తోంది.

నాకూ ఒక ఆడపిల్ల పుట్టింది. పేరు పెట్టకముందే పోయింది. తరవాత పిల్లల్లేరు. ఆవు నాకేసి జాలిగా చూసిందని కథలు చెప్పను. అది నాకేసి చూడనే లేదు, దాని లోకమంతా ఆ గడ్డి దూడే. నేను ఖాళీ చెంబుతో ఇంటికొచ్చాను.

ఇంటికొచ్చి ఈ మాట మా ఆయనతో చెప్పొచ్చు కదా? చెప్పలేదు. బిడ్డ పోయాక ఆ ఊసు మా ఇద్దరం ఎత్తేవాళ్ళం కాదు. దూడ గురించి మొదలుపెడితే అది ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. అందుకని నోరు మూసుకుని పల్లీలు నానబోశాను.

పల్లీలు నానాక తొక్క తీసి, మెత్తగా రుబ్బి, గుడ్డలో పిండితే పాలొస్తాయి. వాటిని కాచి, గోరువెచ్చగా ఉండగా పచ్చిమిరప తొడిమలు వేసి మూత పెట్టాలి. ఇంట్లో తోడు లేనినాడు మా అమ్మ మిరప తొడిమలతోనే పాలు తోడు పెట్టేది. ఆ తెలివి నేను పల్లీ పాల మీద చూపించాను. మొదటిసారి గోడకి వేసే సున్నంలా వచ్చింది. తరవాతిది సినిమా పోస్టర్లు అంటించే జిగురు. ఇంకోసారి వచ్చినదానికి నా దగ్గర పోలిక లేదు, పెరట్లో పోస్తే కాకులు కూడా కాలనీ మారిపోయాయి. చివరికి ఒకనాడు తెల్లగా, గట్టిగా కుదిరింది. ధైర్యం చేసి ఆయన కంచంలో వేశాను.

"ఏటే, పెరుగు రుచి మారింది?"

"గేదె పాలండి. మోవా నుంచి కొత్తవాడు తెస్తన్నాడు."

"గేదా?"

"గేదే."

ఆయన ఇంకో ముద్ద కలుపుకుని తిన్నారు. "మంచి గేదె," అన్నారు.

అలా నా గేదె పుట్టింది. లేని గేదెకి దాణా ఖర్చు లేదు గానీ అబద్ధాల ఖర్చు రోజూ ఉంటుంది. పక్కింటివాళ్ళు అడుగుతారు కదా, ఎవరి గేదె, ఎంత పాలిస్తుంది, ఎన్నో ఈత అని. దానికో కొమ్ము విరిగిందన్నాను. వానొస్తే బెదురుతుందన్నాను. పోను పోను నాకే దాని మీద బెంగ పట్టుకుంది.

మా పక్క క్వార్టరు ఫూల్‌బాయిది. ఛత్తీస్‌గఢ్ మనిషి, ఆమె భర్త పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. వరసగా బిడ్డలు పోయి పోయి ఒక్క కొడుకు దక్కాడు. వాడు తుమ్మితే ఆమెకి జ్వరం వచ్చేది. నన్ను దీదీ అని, మా ఆయన్ని భాటో అని, అంటే బావగారని పిలిచేది. ఆమె మాటలు నా తెలుగులోకి తిప్పే చెబుతున్నాను. సాయంత్రమైతే చిన్న గిన్నె పట్టుకుని "దీదీ, జామన్" అని వచ్చేది. జామన్ అంటే పెరుగు తోడు. కాలనీలో అది మామూలే, ఒక ఇంటి తోడుతో పది ఇళ్ళ పాలు తోడుకునేవి. నేనూ పల్లీ పెరుగు చెంచాడు వేసి ఇచ్చేదాన్ని. ఆమె పాలు శుభ్రంగా తోడుకునేవి. ఇందులో ఏం ముంచుకొస్తుందిలే అనుకున్నాను.

ముంచుకొచ్చింది కమర్‌ఛఠ్. భాద్రపదంలో ఇక్కడి తల్లులు పిల్లలు చల్లగా ఉండాలని చేసే ఉపవాసం. ఆ రోజు నాగలి తగిలిన నేలలో పండినది ఏదీ నోట పెట్టరు. బియ్యం కూడా పొలంలోవి కావు, నీళ్ళ వార తనంతట తను మొలిచిన వరివి. పాలూ పెరుగూ గేదెవే కావాలి, ఆవువి పనికిరావు.

ముందునాటి సాయంత్రం ఫూల్‌బాయి గిన్నెతో వచ్చింది. "నీది గేదె పెరుగేగా దీదీ? పాలు గేదెవి తెచ్చాను, తోడు కూడా గేదెదే కావాలి. నువ్వుండబట్టి సరిపోయింది."

"గేదెదే," అన్నాను. అలవాటైన అబద్ధం, ఆలోచించకుండానే నోట్లోంచి జారింది.

మర్నాడు పొద్దున్న కుండ తెచ్చి చూపించింది. "చూడు, కత్తి పెట్టి కోయొచ్చు! ఈ ఒక్క పూట జాగ్రత్తగా ఉంటే చాలు దీదీ. గోధుమ వద్దు, శనగ వద్దు, పల్లీ వద్దు..."

"పల్లీ ఎందుకొద్దు?"

"దున్నకుండా పల్లీ ఎక్కడ పండుతుంది? తింటే ఉపవాసం పోయినట్టే. నా కొడుక్కి ఏదైనా అయితే?"

మీరనొచ్చు, అప్పుడైనా నిజం చెప్పెయ్యాల్సింది కదా అని. చెబితే కాలనీ అంతా తెలుస్తుంది, మా ఆయనకి తెలుస్తుంది, ఎందుకని అడుగుతారు. ఆ ఎందుకు దగ్గరే నాకు భయం.

"పెరుగు లేకుండా పూజ కాదా?" అన్నాను.

"ఎలా అవుతుంది?"

"పులిసిందేమో."

"ఇప్పుడే తోడుకుంది!"

"వేరే పెరుగు తెప్పిస్తానే."

"ఎక్కడినుంచి, మీ ఊరినుంచా? నీకు ఒంట్లో బాగుందా దీదీ?"

ఇక మిగిలింది ఒకటే దారి, కుండ పగలాలి. "నీరసంగా ఉన్నావు, కుండ నేను పట్టుకొస్తాను," అని లాక్కున్నాను. దారిలో ఒక మంచి రాయి చూసుకుని తట్టుకున్నాను. కాలు జారింది, చెప్పు తెగింది, మోకాలు దోక్కుపోయింది. చేతులు మాత్రం కుండని బిడ్డలా గుండెకి హత్తుకున్నాయి. జన్మంతా కుండలు పగలకుండా మోసిన చేతులు, ఒక్క రోజు వదలమంటే వింటాయా? పంపు దగ్గర కుక్క కనిపిస్తే దాని ముందు కుండ దించి, కాళ్ళు కడుక్కునే వంకతో అటు తిరిగాను. అది వచ్చి, వాసన చూసి, గేదె సంగతి దానికీ తెలిసినట్టు నాకేసి ఒక చూపు చూసి పోయింది.

పూజ దగ్గర ఆడవాళ్ళందరూ చేరారు. నేలలో గుంట తవ్వి, నీళ్ళు నింపి, చుట్టూ రెల్లు, మోదుగ కొమ్మలు గుచ్చారు. పంతులు వ్రతకథ ముగించాడు. డ్యూటీ దిగి వస్తున్న మగవాళ్ళు కొందరు సైకిళ్ళు ఆపి చూస్తున్నారు. అందులో మా ఆయన కూడా ఉన్నారు. ఫూల్‌బాయి ఆకులో అన్నం పెట్టుకుని, పక్కన పెరుగు వేసుకుంది. వేళ్ళతో తీసి నోటి దాకా తెచ్చింది.

"ఆగు!"

నేనే అరిచాను. ఒక్క దూకున వెళ్ళి ఆమె చేతిమీద కొట్టి, కుండ పట్టుకుని లాగాను. "దీదీ, పిచ్చెక్కిందా!" అని ఆమె అటు లాగింది. నేను ఇటు లాగాను. ఉపవాసం ఉన్న మనిషికి అంత బలం ఎక్కడిదో! చటుక్కున ఆమె వదిలేసింది. నేను వెనక్కి తూలి, సరిగ్గా ఆ గుంటలో కూలబడ్డాను. అది దేవుడికని తవ్విన బుల్లి చెరువు, నా నడుముకి కొలిచి తీసినట్టు సరిపోయింది. కుండ నెత్తిన బోర్లపడింది. పెరుగు చెవుల మీదుగా దిగుతుంటే, చెయ్యెత్తి చెప్పాను:

"భైంస్ నహీ హై! గేదె లేదు, గేదె లేనే లేదు! మూంగ్‌ఫలీ హై! తోడు పల్లీ పెరుగుది!"

ఒక ముసలమ్మ, "గేదె లేదా? మరి కొమ్ము విరిగిందన్నావు?" అంది.

"కొమ్ము కూడా లేదు అమ్మా."

కాలనీ విరగబడి నవ్వింది. ఫూల్‌బాయి నవ్వలేదు. ఆమె ముఖం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. "నా కొడుకు కోసం ఉపవాసం దీదీ ఇది," అంది.

"నోట్లో పెట్టలేదు కదా?"

"లేదు."

"నాలిక్కి తగల్లేదు కదా?"

"లేదు." గుంట పక్కన చతికిలబడింది. "ఎందుకు చేశావు? పాలకి గతి లేదా మీకు?"

ఇక దాచడానికి నా దగ్గర ఏముంది, కొంగు కూడా నీళ్ళలోనే ఉంది. వచ్చీ రాని హిందీలో, ఆ గుంటలో కూర్చునే చెప్పాను. గడ్డి కూరిన దూడ, నాకుతున్న ఆవు, నా ఖాళీ చెంబు. పేరు పెట్టని నా పిల్ల సంగతి కూడా చెప్పాను. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

వ్రతకథ అయ్యాక తల్లులు గుడ్డని తెల్లమట్టి నీళ్ళలో ముంచి, పిల్లల వీపు మీద తట్టడం ఇక్కడి ఆచారం. ఫూల్‌బాయి ఆ గుడ్డ ముంచి వచ్చి నా వీపు మీద తట్టింది.

"నాకెందుకు?" అన్నాను.

"అమ్మ దగ్గర లేని పిల్లకి ఎవరో ఒకరు తట్టాలి కదా." మళ్ళీ ఇంకొకటి తట్టింది, ఈసారి వీపు చుర్రుమంది. "ఇది గేదె కోసం."

ఎదురింటావిడ గేదె పెరుగు ఇచ్చింది, ఉపవాసం నిలబడింది. మా ఆయన వచ్చి చెయ్యిచ్చి నన్ను పైకి లేపారు. దారి పొడుగునా సైకిలు నడిపించుకుంటూ నా పక్కనే వచ్చారు. గుమ్మంలో నేనే అన్నాను, "తిట్టండి. ఇన్నాళ్ళూ పల్లీలు పెట్టి పెరుగని చెప్పాను."

"నాకు తెల్సు."

"ఏటి తెల్సు?"

"పెరట్లో పల్లీ తొక్కలు గుట్టగా పోస్తే తెలీదేటే? గేదె పల్లీలు ఒలిచి పాలిస్తాదా?"

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెప్తావని చూస్తన్నాను." సైకిలు గోడకి ఆనించి, చాలాసేపు దాని హ్యాండిలే తుడిచారు. "దూడ సంగతి నాకు ముందే చెప్పొచ్చు కదే," అన్నారు. ఆ మాటలో దూడ ఒక్కటే లేదు. ఆ రోజు మేము మా పిల్ల గురించి మాట్లాడుకున్నాం. పేరు కూడా పెట్టుకున్నాం. ఆ పేరు ఇందులో రాయను.

మర్నాడు ఫూల్‌బాయి గిన్నెతో వచ్చింది. "ఆ పల్లీది కొంచెం పెట్టు దీదీ, ఇవాళ ఉపవాసం లేదు." తిని, ఉప్పు తక్కువైందంది. తరవాత అప్పుడప్పుడూ తనే చేసుకునేది. ఎవర్నీ పాలు మానమని నేను చెప్పలేదు. గుంటలో కూర్చున్న మనిషి ఇతరులకి ఏం చెబుతుంది?

ఆయన మాత్రం ఆ రోజునుంచి భోజనానికి ముందు వీధి వీధంతా వినపడేలా అడిగేవారు, "ఏటే, పెరుగు తోడుకుందా?" అని. అది మా ఇద్దరి నవ్వు.

ఫూల్‌బాయి వాళ్ళకి బిలాస్‌పూర్ బదిలీ అయింది. మేము మోవా వచ్చేశాం. ఇక్కడ పెరుగు కొట్లో దొరుకుతుంది, గిన్నె పట్టుకుని ఎవరూ రారు. ఒక్కదాని కోసం తోడేస్తే గిన్నె అడుగు కూడా నిండదు. అయినా రోజూ వేస్తాను.

ఆయన పోయిన రోజు పెరుగు కత్తి పెట్టి కోసేలా తోడుకుంది. మూత తీసి చూసి, ఆ మాట చెబుదామని ముందుగదిలోకి వెళ్ళాను. కళ్ళు మూసుకోమన్న నా మాట ఆయన అప్పటికే విన్నారు.

ఇప్పుడు మోవాలోని సమస్త గేదెల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక జన్మలో లేని గేదెని పెంచను. తోడు అడిగినవాళ్ళకి అది దేని పెరుగో చెప్పకుండా ఇవ్వను. అడిగేవాళ్ళు లేరన్నది వేరే సంగతి.

అయిందా పద్మా? ఏదీ, మొదటినుంచి ఒకసారి చదువు. ఆ మొదటి మాట, ఆయన అడిగింది, అది కాస్త గట్టిగా చదువమ్మా.