సింహం తోకలో మిగిలిన చోటు

మలేషియా రేవు పట్నం పోర్ట్ క్లాంగ్‌లో లారీల మీద పేర్లు రాసిన మా మామగారు పోయి పన్నెండు రోజులైంది. నిన్న పెద్దకర్మ ముగిసింది. గిన్నెలు తోమి తోమి నా వేళ్లు మొద్దుబారాయి. అయినా ఆయన గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

ఆయన దగ్గర ఒక పాత క్యాలెండర్ కాగితం ఉండేది. రేవులో ఎవరో నావికుడు ఇచ్చాడట. దాని మీద వందల ఏళ్ల నాటి హీబ్రూ చేతిరాత పుస్తకంలోని ఒక పేజీ అచ్చువేసి ఉంది. పైన ఒకే ఒక్క మాట, పెద్ద బంగారు అక్షరాల్లో, చుట్టూ తీగలు. కింద సింహం. భూతద్దం పెట్టి చూస్తే ఆ సింహానికి గీతలే లేవు. జూలు, కాళ్లు, తోక అన్నీ చీమతలకాయంత అక్షరాల వరుసలే. గ్రంథం గురించి రాసుకున్న వివరాలనే అలా బొమ్మగా తిప్పారని అడుగున ఉన్నది మా ఆయన చదివి చెప్పారు.

మోకాళ్లు సహకరించక లారీల పని మానేశాక, మామగారు అలాంటి సింహమే మొదలుపెట్టారు. పైన రంగుల్లో ఆయన సొంతూరి పేరు, ‘సుంగై సుమున్’. కింద సింహం నిండా, అక్కడి ఎస్టేట్‌లో తనతో పెరిగినవాళ్ల పేర్లు. లారీల మీద రాసినవి ఇంగ్లీషు అక్షరాలే; ఆయనకు తెలుగు మాటే తప్ప రాత తెలియదు. నేను శ్రీకాకుళం నుంచి వచ్చిన కోడలిని, ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. ఆయన పేరు చెబితే నేను చీటీ మీద రాసేదాన్ని. దాన్ని చూసి ఆయన సన్న కలంతో దిద్దేవారు. ఎవరి ఎదుటా నోరు విప్పని నాకు, ఆ ఇంట్లో నా మాట చెల్లిన చోటు అదొక్కటే.

“లారీ మీద మూరెడు అచ్చరాలు రాసినోడివి, ఇప్పుడు సీమలకి రాస్తన్నావేటి?” అని అత్తగారు ఎత్తిపొడిచేవారు.

“సీమలైనా సదువుతాయి లా! మనుసులు ఎలాగూ సదవరు,” అని ఇక్కడివాళ్లలా మాట చివర ‘లా’ తగిలించి నవ్వి, ఆయన నావైపు తిరిగేవారు. “సిన్నగా రాసినాం కదా అని తప్పు రాయకూడదమ్మా. ఎవులికీ కనపడకపోయినా రాసినోడికి తెలుస్తాది.”

ఒక్క పేరు మాత్రం ఆయన చెప్పలేదు. తనది. అడగడానికి నాకు సిగ్గు అడ్డొచ్చింది. రేపు అడుగుదాం, రేపు అడుగుదాం అనుకుంటుండగానే ఆయన వెళ్లిపోయారు. తోక చివర బియ్యపు గింజంత చోటు మిగిలింది.

నిన్న సుంగై సుమున్ నుంచి వచ్చినవాళ్లు భూతద్దం చేతులు మార్చుకుంటూ, తమ పేర్లు ఎక్కడని అడిగారు. నేనే వెతికి చూపించాను. ఒక పెద్దాయన సింహమంతా చూసి, “అందరం ఉన్నాం. మరి రాసినోడేడి?” అన్నాడు.

అత్తగారు గోడవైపు తిరిగారు. పెళ్లయినప్పటి నుంచీ ఆమె మొగుడి పేరు పలకలేదు. వాళ్లంతా వెళ్లాక నా పక్కన కూర్చుని, “నాను పలకకూడదు. నువ్వు రాయొచ్చు కదే,” అన్నారు.

చీటీ మీద నాలుగుసార్లు రాసి చూసుకున్నాను. తర్వాత ఆయన కలంతోనే, ఊపిరి బిగబట్టి, ఆ గింజంత చోటులో దిద్దాను. తప్పు రాలేదు.

అత్తగారికి చదువు రాదు. తోక చివర భూతద్దం పెట్టి, “ఇదేనా?” అన్నారు. అవునన్నాను.

నేనిది రాస్తుంటే ఆమె ఇంకా అక్కడే కూర్చుని, అద్దాన్ని మెల్లగా పైకీ కిందికీ జరుపుతున్నారు. పేరు పెద్దదవుతోంది. మళ్లీ చిన్నదవుతోంది.