నల్లబండ హాల్ట్‌కు ఒక సీజన్ టికెట్

నల్లబండ హాల్ట్‌లో రైలు ఆపడం మానేశారని ఉత్తరం వచ్చాక ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. తొంభైల్లో ఆరేళ్లు ఆ హాల్ట్‌లో దిగి, పక్కనే ఉన్న గ్రానైట్ ఫ్యాక్టరీకి పనికి పోయినవాణ్ణి.

ఎనిమిదిన్నరకు మదనపల్లెలో బస్సెక్కాను. పుంగనూరులో టీ తాగి, పలమనేరులో బస్సు మారేలోగా నాలుగు ఇడ్లీలు తిన్నాను. కుప్పంలో దిగి ఆటో పట్టుకుని హాల్ట్‌కు చేరేసరికి రెండు దాటింది.

టికెట్ గది కిటికీకి చెక్కలు కొట్టేశారు. ప్లాట్‌ఫారం మాత్రం శుభ్రంగా ఉంది. పొద్దుటి షిఫ్టు దిగిన మునెమ్మ ఊడుస్తోంది. ఒకప్పుడు నా పక్క మిషన్ మీదే రాళ్లకు పాలిష్ పట్టేది.

"రైలే ఆగకపోతే యాలమ్మా ఊడ్సేది?"

"గడ్డి మొలిస్తే ఈడ ఎవురూ లేరని రాసుకుంటారు కదన్నా."

ఈ హాల్ట్ పేరు మీద టికెట్లే పోవడం లేదని మూసేశారట. అది నిజమే, తప్పు మాదే. అప్పట్లో జీతం రోజున కుప్పంలో నెలకు సరిపడా సీజన్ టికెట్ తీసుకునేవాళ్లం. రేటు ఒకటే కదా, ఆదివారం సినిమాకూ పనికొస్తుందని తర్వాతి స్టేషన్ దాకా రాయించుకునేవాళ్లం. రోజూ దిగేది ఇక్కడ, కాగితం మీద పేరు ఇంకో ఊరిది. మా తర్వాతివాళ్లకూ అదే అలవాటైంది. మా వేలితో మా కన్నే పొడుచుకున్నాం. ఇప్పుడు మునెమ్మవాళ్లు ఆ స్టేషన్‌లో దిగి మూడు కిలోమీటర్లు వెనక్కి నడవాలి. పది నిమిషాలు ఆలస్యమైతే సగం పూట కూలి పోతుంది. నడవలేక ఇద్దరు పని మానుకున్నారు.

ఆ రోజూ జీతాల రోజే. నాలుగున్నరకు మునెమ్మతో కుప్పం స్టేషన్‌కు వచ్చాను. ఫ్యాక్టరీ ఆడవాళ్లు అప్పటికే లైన్లో ఉన్నారు.

"నల్లబండకు సీజన్ ఇయ్యి సామీ," అంది మునెమ్మ.

"ఆ స్టేషన్ లేదమ్మా," అన్నాడు క్లర్కు.

"యాడికి పోయింది? నేను ఆడినుంచే వస్తాండా."

క్లర్కు తల పట్టుకున్నాడు. ఆమె తర్వాతి స్టేషన్‌కు టికెట్ తీసుకుని పక్కకు జరిగింది. వెనకామె కూడా మొదట నల్లబండకే అడిగింది. హాల్ట్ మూసినప్పటినుంచీ ప్రతి నెలా ఇదే వరస అని మునెమ్మ చెప్పింది. నాకు గర్వంగానూ అనిపించింది, సిగ్గూ వేసింది. వెళ్లి లైన్ చివర నిలబడ్డాను.

"మీరు కూడానా?" అన్నాడు క్లర్కు.

"నేను ఎప్పుడో అడగాల్సింది సార్."

ఆరింటి బస్సులో వెనక్కి బయల్దేరాను. ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక మాట. కుప్పం స్టేషన్‌లో అయిదు నిమిషాలు తీరిక దొరికితే కౌంటర్ దగ్గర నిలబడి నల్లబండకు టికెట్ అడగండి. లేదంటారు. అయినా అడగండి.