పేరెక్కాకే సూది

నా చిన్నప్పుడు మా ఇంట్లో మందుబిళ్ళ పారేసిన పాపాన ఎవరూ పోలేదు. నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలిచేవాళ్ళం. మా బాపు బెల్లంపల్లిలో బొగ్గుబాయిలో దిగి పని చేసేవాడు. బాయి దవాఖానలో మందులు ఊరికే ఇచ్చేవాళ్ళు. రోగం తగ్గాక మిగిలిన బిళ్ళలను మా అవ్వ ఒక రేకు డబ్బాలో వేసి దాచేది. మా క్వార్టర్ల లైన్‌లో ప్రతి ఇంట్లోనూ అలాంటి డబ్బా ఉండేది. ఎవరికి ఒళ్ళు వెచ్చబడ్డా ముందు డబ్బా మూత తీసేవాళ్ళు, తర్వాతే దవాఖాన. పొదుపంటే అదే అనుకునేవాళ్ళం.

నేను మూడో తరగతి దాకా చదివాను. తమ్ముడు పుట్టాక వాణ్ణి ఎత్తుకోవడానికి బడి మానిపించారు. ఆ తర్వాత నా బడంతా పక్కింటి సిస్టరమ్మ వరండాయే. ఆమె బాయి దవాఖానలో నర్సు. డ్యూటీ నుంచి వచ్చాక లైన్‌లోని పిల్లల పుండ్లు కడిగి కట్టు కట్టేది. తమ్ముణ్ణి చంకనేసుకుని చూస్తూ నిలబడేదాన్ని. నుదుటి మీద చెయ్యి వేయడం, గడియారం చూస్తూ నాడి పట్టడం, అన్నీ నాకు వచ్చేశాయనుకున్నాను. నాకు గడియారమూ లేదు, నాడి ఎంత కొట్టుకోవాలో తెలియనూ తెలియదు. అయినా కనిపించిన పిల్లనల్లా చెయ్యి పట్టి కూర్చోబెట్టేదాన్ని.

ఒకరోజు అవ్వ రేషన్ బియ్యానికి కంట్రోలు దుకాణానికి పోయింది. తమ్ముడి ఒళ్ళు కాలిపోతోంది. డబ్బా తీసి రెండు తెల్లబిళ్ళలు ఏరి, నూరి, బెల్లం నీళ్ళలో కలిపి తాగించాను. సిస్టరమ్మ జ్వరానికి తెల్లబిళ్ళ ఇవ్వడం చూశాను మరి. కాసేపటికి వాడి మెడ వాలిపోయింది. పిలిస్తే పలకలేదు, గిల్లినా ఏడవలేదు. భుజాన వేసుకుని పక్కింటికి పరుగెత్తాను.

సిస్టరమ్మ వాడి రెప్పలు తెరిచి చూసి, "ఏమిచ్చినవే? ఎన్నిచ్చినవ్?" అంది. ఒక్కటే అందామని నోటిదాకా వచ్చింది. అవ్వ కొట్టే దెబ్బలు అలాంటివి. వాడి ముఖం చూసి "రెండు" అన్నాను. డబ్బా తెమ్మంది. అందులోని ఆ బిళ్ళలు, బాపు నడుం దెబ్బతిన్నప్పుడు నిద్ర పట్టడానికి ఇచ్చినవట. డబ్బాతో సహా వాణ్ణి ఎత్తుకుని ఆమె దవాఖానకు పరుగు తీసింది. వెనకాలే నేను.

దీపాలు పెట్టే వేళకు వాడు కళ్ళు తెరిచి ఏడ్చాడు. ఆ ఏడుపు విన్నాకనే, అప్పటికి దవాఖానకు వచ్చి ఉన్న మా అవ్వ నా మీదికి చెయ్యెత్తింది. సిస్టరమ్మ అడ్డమొచ్చింది. "ఆగక్కా. పోరి నిజం చెప్పింది కాబట్టే ఏం చెయ్యాల్నో డాక్టర్‌కు ఎర్కయింది. డబ్బా దాచింది నువ్వు. కొడితే ముందుగాల నిన్ను కొట్టాలె."

అవ్వ చెయ్యి దిగిపోయింది.

తర్వాత సిస్టరమ్మ నన్ను మెట్ల మీద కూర్చోబెట్టుకుంది. "సిస్టర్‌వయినవా మరి?" అని నవ్వకుండానే ఎత్తిపొడిచింది. మెట్రిక్ పాసవడం, మూడేళ్ళకు పైగా దవాఖానలోనే ఉండి నేర్చుకోవడం, పరీక్షలు రాయడం, అన్నీ ఒక్కొక్కటే చెప్పింది. "గప్పుడు గూడ అయిపోలే. నర్సుల కౌన్సిల్ రిజిస్టర్ల నా పేరెక్కినంకనే నా అంతట నేను సూది పట్టిన."

పేరెందుకని అడిగాను.

"తప్పు చేస్తే ఎవల్ని అడగాల్నో తెల్వాలె గద బిడ్డా. నా చేతుల తప్పు జరిగితే అండ్ల నా పేరు కొట్టేస్తరు. ఇయ్యాల నీ తమ్మునికేమన్న అయితే ఎవల పేరు కొట్టేద్దురు?"

నేను మళ్ళీ బడికీ పోలేదు, నర్సునూ కాలేదు.

ఈ మధ్య కరీంనగర్‌లో మా మనవరాలు పది పాసై, నర్సునవుతానంది. అది విని, కోర్సుల్లో చేర్పించే ఏజెంటొకాయన ఇంటికొచ్చాడు. ఇంటర్ అక్కర్లేదట, ఆరు నెలల కోర్సట, కాగానే దుబాయ్ దవాఖానలో కొలువట. తక్కువలో తేలిపోతుందని నా మనసు కూడా కాస్త అటు లాగింది, అబద్ధమెందుకు? అయినా అడిగాను.

"గిది సదివితే కౌన్సిల్ల పేరెక్కుతదా?"

"గవన్ని మేం చూసుకుంటం పెద్దమ్మా, ఫికర్ చెయ్యకు."

"నువ్వు చూసుకునుడు గాదు. ఎక్కుతదా, ఎక్కదా?"

ఆయన ఛాయ్ సగంలో వదిలేసి లేచాడు.

మనవరాలు ఇంటర్ బైపీసీలో చేరింది. ఆ పైన నాలుగేళ్ళ బీఎస్సీ నర్సింగ్. సీటు రాకపోతే మూడేళ్ళ నర్సింగ్ డిప్లొమా, జీఎన్ఎం. ఏది చదివినా ఆఖరున కౌన్సిల్‌లో పేరెక్కాల్సిందే. అన్నేళ్ళా అని మూతి ముడుచుకుంది. ముడుచుకోనీ.

తమ్ముడికి ఇప్పుడు అరవై దాటాయి. "మా అక్క మందు తాగినంక నాకు మల్ల ఏ రోగం రాలే" అని పెళ్ళిళ్ళలో చెప్పి నవ్విస్తాడు. అందరూ నవ్వుతారు. ఆ రోజు వాడి మెడ నా భుజం మీద వాలినప్పటి బరువు నాకింకా తెలుస్తూనే ఉంది.