దొరను ఈతవనానికి తీసుకెళ్లిన రోజు

ఆ రోజుల్లో మెడలో ఐడీ కార్డు వేలాడితే చాలు, మనిషి పుట్టుకే మారిపోతుందని నమ్మేవాణ్ని. హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చి నాలుగు నెలలు. "మీ ఇంట్లో ఏం చేస్తారు?" అని ఎవరైనా అడిగితే "బెవరేజెస్ బిజినెస్" అనేసి, వెంటనే వానల సంగతి ఎత్తుకునేవాణ్ని. (పూర్తిగా అబద్ధం కాదు లెండి. నన్ను పెంచి చదివించిన మేనమామ నార్సింగి అవతల ఈతచెట్లెక్కి కల్లు గీసేవాడు.) ఒకసారి క్యాంటీన్లో ఎవడో గట్టిగా మాట్లాడితే, "వీడేంట్రా, కల్లు కాంపౌండ్ బ్యాచ్‌లా ఉన్నాడు" అని టేబులంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను, అందరికంటే గట్టిగా. అప్పట్నుంచి నా గుట్టు బయటపడితే ఆఫీసులో తలెత్తుకోలేనని ఒకటే భయం.

ఇంతలో ఇంగ్లండు నుంచి క్లయింటు దిగాడు. అరవై దాటిన పెద్దమనిషి. మేమంతా చాటుగా దొర అనేవాళ్లం. తన ఊరి శివార్లలో ఉన్న పాత పబ్బులు మూతపడకుండా కాపాడటం, ఆదివారాలు జనాన్ని వెంటేసుకుని వాటి కథలు చెప్పడం ఆయనకు పిచ్చి. మా మేనేజర్ మేడం ఆయన్ను ఓ అద్దాల మేడ మీదున్న పబ్బుకు తీసుకెళ్లారు. ఆయన నాలుగు గోడలూ చూసి, "దీని వయసు నా బూట్ల కంటే తక్కువ. మీ తాతలు ఎక్కడ తాగేవారో చూపించండి" అన్నాడు. మేడం నా వైపు తిరిగి, "నువ్వు లోకలే కదా అబ్బాయ్, పాతది ఏదైనా చెప్పు" అన్నారు. "నాకేం తెలీదండి" అన్నాను. "నార్సింగి అవతల ఈతవనం ఉందటగా, రేపు పొద్దున్నే పోదాం" అని ఆవిడే తేల్చేశారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

మర్నాడు వనంలో మామ చెట్టు దిగి, కుండ పక్కన పెడుతున్నాడు. నా టక్కు చూశాడు, మెడలో కార్డు చూశాడు, వెనకున్న మేడాన్నీ దొరనూ చూశాడు. నేను బయటపెట్టొద్దని కళ్లతోనే దండం పెట్టాను. "రాండ్రి సార్, కూసోండ్రి. మీరెవరో కొత్తగున్నరు" అన్నాడు, నన్నే! హమ్మయ్య అనుకున్నాను. (ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.)

ఈ పని ఎప్పట్నుంచని దొర నా చేత అడిగించాడు. "మా తాతకు తాత గూడ గిదే పని. అంతకుముందు ముచ్చట ఈ చెట్లనే అడగాలె" అన్నాడు మామ. నేనది ఇంగ్లీషులో చెప్పగానే దొర టోపీ తీశాడు.

మామ దొప్ప మడుచుకోమని తలా ఒక తాటాకు ఇచ్చాడు. మేడం మడిచింది కారిపోయింది, దొర మడిచింది విడిపోయింది. నా చేతుల్లో మాత్రం చక్కటి దొప్ప తయారైంది. కల్లు పడగానే చేయి దానంతటదే వంగి, మొదటి చుక్కలు నేల మీద పోసింది. "ఎల్లమ్మ తల్లీ!" అని నోరు కూడా అనేసింది. మా ఇంట్లో ఆ తల్లికి పెట్టకుండా ఎవరూ ముట్టరు మరి.

"నీకెలా తెలుసు ఈ పద్ధతి?" అన్నాడు దొర. మేడం కూడా తెలుగులో అదే అడిగి నన్నే చూస్తున్నారు. మామే అందుకున్నాడు: "ఫోన్ల సూసి నేర్సుకున్నడేమో మేడం. ఈ కాలం పోరగాండ్లు అన్నీ అండ్లనే నేర్సుకుంటరు."

ఇంకా నన్నే కాస్తున్నాడు! సిగ్గుతో చచ్చిపోయాను. "ఈయన మా మేనమామండి. నన్ను చదివించింది ఈ చెట్లే" అన్నాను.

మేడం ఆ మాట ఇంగ్లీషులో చెప్పగానే దొర లేచి మామ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఇంత మంచి సంగతి దాచుకున్నావేంటి!" అని మేడం కసిరారు. మామ మాత్రం తల గోక్కుంటూ, "గింత జల్ది చెప్పేసినవేందిరా అల్లుడా! నువ్వు కారెక్కేదాక నేను నాటకం నడిపిస్తుంటి గద" అన్నాడు.

అందరూ నవ్వారు. నేను దొప్పతో ముఖం కప్పుకున్నాను. "ఏడుస్తున్నావా అబ్బాయ్?" అన్నారు మేడం. "లేదండి, బాగా పులిసింది, ఘాటెక్కింది" అన్నాను. అప్పుడే దింపిన కల్లు అది, తేనెలా ఉంది. మెడలో కార్డేసుకున్న అప్పటి ఆ కుర్రాణ్ని, అంటే నన్నే, తలుచుకుంటే ఇన్నేళ్లయినా నవ్వొస్తుంది: ఒక అబద్ధం ఒప్పుకుని నిమిషమైనా కాలేదు, ఇంకోటి ఆడేశాడు.