బహుమతి తెచ్చిన పెట్ట

నేను రాసిన పిల్లల పుస్తకానికి బహుమతి వచ్చిందని ఉత్తరం అందినప్పుడు నేను సంతోషించలేదు. కవరును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, దాని మీదున్న పోస్టాఫీసు ముద్రను వెలుతురులో తిప్పి తిప్పి చూశాను. మా స్కూల్లో మాస్టార్లకు వేళాకోళాలెక్కువ. ఇలాంటి ఉత్తరం ఒకటి టైపు కొట్టించి నా మొహాన పడేసి, నేను ఎగిరి గంతేస్తుంటే చూసి నవ్వుకోవడం వాళ్ళకో లెక్కా?

అరవైల చివరినాటి మాట ఇది. రేపల్లెలో ఎలిమెంటరీ స్కూలు టీచర్ని. మా ఆయన తెనాలి స్టేషన్లో టికెట్లిచ్చే గుమాస్తా. శనివారం సాయంత్రం బండికి వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్ళిపోయేవారు. మిగతా రోజులన్నీ నేనూ, ఒకటో తరగతి చదివే మా పాపా. ఒకటో తరగతి పిల్లల్ని మధ్యాహ్నం అన్నాల వేళకే వదిలేసేవారు. అక్కణ్ణుంచి నేను ఇల్లు చేరేదాకా పాపను చూసుకునేది మేం అద్దెకున్న ఇంటావిడ. నేను పిన్నిగారూ అని, పాప అమ్మమ్మా అని పిలిచేవాళ్ళం. భర్త పోయి చాలా ఏళ్ళయింది, పిల్లల్లేరు, పెరటినిండా కోళ్ళు. ఆవిడ కాదు పొమ్మంటే నాకు ఇల్లూ లేదు, పాపకు దిక్కూ లేదు. ఉద్యోగం మానేసి తెనాలిలో మా ఆయనుండే ఒంటి గదిలో కూర్చోవడమే.

అలాగని ఆవిణ్ణి పూర్తిగా నమ్మేశానని కాదు. బిడ్డను ఒకరి చేతిలో పెట్టి నిశ్చింతగా ఉండటానికి నాకేమన్నా మతిపోయిందా? సాయంత్రం రాగానే పాపకు ఏం పెట్టారు, ఎప్పుడు పెట్టారు, కాచిన నీళ్ళేనా అని అడిగేదాన్ని. అడిగాక కూడా పాప నోరు వాసన చూసేదాన్ని. పొద్దున్న మా వాటాకి తాళం వేసేటప్పుడు తలుపు సందులో ఓ చీపురుపుల్ల దోపి వెళ్ళేదాన్ని. ఎవరైనా తలుపు తీస్తే పుల్ల కింద పడుతుంది, సంగతి తెలిసిపోతుంది. ఆ ఇంట్లో దిగిన రెండేళ్ళలో అది ఒక్కసారీ పడలేదు. ఆవిడ మరీ తెలివైందని నా అనుమానం.

ఆవిడ మాత్రం తక్కువ తిందా? చీకటి పడితే బావి చేదను కూడా లోపల పెట్టుకుని గడియ వేసుకునేది. కోడి గుడ్డు పెట్టడం ఆలస్యం, దానిమీద బొగ్గుతో గీత గీసేది. అట్లకాడ ఎరువిస్తే పొద్దు గూకేలోపు మా గుమ్మంలో నిలబడేది. గొడవంతా అందుకే వచ్చింది.

నా పుస్తకంలో కథ ఒక పెట్టది. గుడ్ల మీద కూర్చుని పొదుగుతూ ఉంటుంది. పిల్లి వచ్చి బాగున్నావా అంటే, నువ్వెందుకొచ్చావ్ అంటుంది. కాకి వచ్చి వానొస్తోంది జాగ్రత్త అంటే, నీకెందుకూ అంటుంది. దారిన పోయే ఉడతను కూడా వదలదు. చివరికి గుడ్లు పగిలి పిల్లలు బయటికొస్తే వాటినీ ఎగాదిగా చూసి, మీరెవరు, ఎందుకొచ్చారు అని అడుగుతుంది. మా క్లాసు పిల్లలు అక్కడికొచ్చేసరికి పడీ పడీ నవ్వేవారు. నా మటుకు నేను రాసింది జాగ్రత్త గురించే. పిల్లి పక్కనే తిరుగుతుంటే పెట్ట మరెలా ఉండాలట?

తెనాలిలో అచ్చు వేయించాం. ప్రెస్సాయన నా పేజీలేమన్నా మింగేస్తాడేమోనని ఆఖరి రోజు నేనే స్వయంగా వెళ్ళాను. పెరటి బొమ్మ కింద కాస్త ఖాళీ మిగిలింది, ఏదో ఒకటి రాసియ్యండమ్మా అన్నాడాయన. రేపల్లె బండి తప్పిపోతుందన్న కంగారులో నిలబడే రెండు ముక్కలు గీకి ఇచ్చాను. ఏం రాశానో ఇల్లు చేరేసరికి నాకే గుర్తులేదు.

తర్వాత చాలాకాలం ఆ పుస్తకం మొహం చూసినవాళ్ళు లేరు. బహుమతి నిజమేనని మా ఆయన పుస్తకాన్ని పోటీకి పంపిన ప్రెస్సుకే వెళ్ళి రూఢి చేసుకున్నాక, ప్రెస్సాయన మిగిలిన కాపీలన్నిటి మీదా ‘బహుమతి పొందిన పుస్తకం’ అని ఎర్ర చీటీలు అంటించాడు. ఇక చూడండి! అదే కథ, అవే బొమ్మలు, కానీ ఇప్పుడు అందరికీ కావాలి. మా హెడ్మాస్టరు దాన్ని బీరువాలో పెట్టి, చేతులు కడుక్కొచ్చిన పిల్లలకే ఇచ్చేవారు. ఏళ్ళ తరబడి కథలు చెప్పినా రాని గౌరవం జిగురు రాసిన చీటీతో వస్తే, నాకు ఒళ్ళు మండదా?

దసరా సెలవులకు బాపట్ల వెళ్ళాను, మా అక్క దగ్గరికి. అక్క నలుగురు ఆడవాళ్ళను కూర్చోబెట్టుకుని ఉంది. నన్ను చూడగానే, “ఏమే, ఆ పెట్ట మీ ఇంటావిడే కదూ? చేద దాచుకునే ఆవిడ!” అని పకపకా నవ్వింది.

రాసేటప్పుడు నాకా ఊహే లేదు. అక్క అన్నాక తెరిచి చూస్తే ప్రతి పేజీలోనూ ఇంటావిడే కూర్చుని ఉంది. పైగా ఇంటావిడ ఆడపడుచుది కర్లపాలెం. బాపట్లలో అన్న మాట కర్లపాలెం చేరడానికి ఎంతసేపు, అక్కణ్ణుంచి రేపల్లె రావడానికి ఎంతసేపు? ఇల్లు పోయినట్టే అనుకున్నాను.

తిరిగొచ్చాక ఇంటావిడ అడగనే అడిగింది, ఏదో పుస్తకం రాశావంటగా, ఒకటి ఇయ్యి అని. ఆవిడకు చదువు రాదు. చదువు రాని మనిషికి పుస్తకమెందుకు? ఎవరో చెవిలో ఊదారన్నమాట. కాపీలన్నీ అయిపోయాయని చెప్పాను.

కొన్నాళ్ళకు ఆవిడ చేట కింద ఎర్ర చీటీ కనబడింది. నేను గేటు తీస్తుంటే పాప కూడబలుక్కుని చదువుతున్న గొంతు వినిపించేది, నా అడుగు పడగానే ఆగిపోయేది. ఏం చదివావే అని అడిగితే, అమ్మమ్మ చెప్పొద్దంది అంది పాప. చూశారా, నా బిడ్డ చేతే నా మీద సాక్ష్యం చదివించుకుంటోంది! ఆ వారంలోనే ఇంకో సంగతి. నేను వచ్చేసరికి ఎవరో పెద్దావిడ వరండాలో నిలబడి మా వాటాని గుమ్మం నుంచి కిటికీ దాకా పరీక్షగా చూస్తోంది. కొత్తగా అద్దెకు దిగబోయే మనిషే, సందేహం లేదు.

నేనూ ఇళ్ళ వేట మొదలుపెట్టాను. ఎక్కడికెళ్ళినా ఒకటే నవ్వు. మమ్మల్నీ పుస్తకంలో వేస్తావేంటమ్మా అని తలుపు దగ్గరికేశారు. ఒకావిడైతే తన కోళ్ళను కూడా గంప కింద మూసేసింది. ఆ సాయంత్రం ఇంటికొస్తూ దారంతా ఏడుపు మింగుకున్నాను. ఇక ఆగలేక తిన్నగా ఇంటావిడ ముందుకెళ్ళి నిలబడ్డాను.

“పిన్నిగారూ, ఇల్లు ఖాళీ చెయ్యమనేదేదో నా మొహానే చెప్పండి. ఆ పెట్ట మీరు కాదు. ఒట్టు.”

ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరడం ఆపలేదు. “నేనెందుకవుతానమ్మాయ్? ఆ పెట్టవి నువ్వు.”

ఒక రాయి ఏరి అవతల పారేసి ఆవిడే మళ్ళీ అందుకుంది.

“రోజూ ఏం పెట్టారు, ఎప్పుడు పెట్టారు అని అడిగేదెవరు? తలుపులో పుల్ల దోపేదెవరు? గాలి కొడితే చాలు అది పడిపోయేది. నువ్వొచ్చి కంగారు పడతావని నేనే మళ్ళీ దోపేదాన్ని.”

మరి పుస్తకం ఎందుకు దాచారని అడిగాను. అంత దూరం వచ్చాక కూడా అడగకుండా ఉండలేకపోయాను. అయిపోయాయని నువ్వే అన్నావుగా, నా చేతిలో చూస్తే ఎక్కడిదని ఆరా తీస్తావని దాచాను అంది. ఆడపడుచు కొని పంపిందట. వరండాలో నేను చూసిన పెద్దావిడ ఆ ఆడపడుచే. పుస్తకం రాసిన ఇల్లు చూస్తానని కర్లపాలెం నుంచి వచ్చింది.

అప్పుడు ఇంటావిడ పాపను పిలిచి, మన ముక్క చదవమ్మా అంది. పాపకు పుస్తకం తెరిచే పనే లేకపోయింది. చేతులు కట్టుకుని గడగడా అప్పజెప్పింది.

“ముసలమ్మ నూకలు పోసింది. పెట్ట చెయ్యి పొడిచింది. ముసలమ్మ మర్నాడూ వచ్చి నూకలు పోసింది.”

“అదీ నేను,” అంది ఇంటావిడ. “మా ఆడపడుచుకి కూడా వినిపించా. మా టీచరమ్మ నన్ను పుస్తకంలో వేసిందని.”

అది బొమ్మ కింద ఖాళీ నింపడానికి రాసిన ముక్కని నేను చెప్పలేదు. ఆవిడ పక్కన కూలబడి చేటలో రాళ్ళు ఏరుతూ కూర్చున్నాను, కళ్ళకు రాళ్ళూ కనబడలేదు, బియ్యమూ కనబడలేదు.

మర్నాడు పొద్దున తలుపులో పుల్ల పెట్టలేదు. పాప చెయ్యి పట్టుకుని, ఏమీ అడక్కూడదని పళ్ళు బిగబట్టి గేటు దాటాను. నోరు ఊరుకుంటేగా. వెనక్కి తిరిగాను. ఆవిడ కోళ్ళకు నూకలు చల్లుతూ, తలెత్తకుండానే చెప్పేస్తోంది.

“ఇవాళ పప్పుచారు. మిరపకాయ తీసేసే పెడతాను. కాచిన నీళ్ళే. వెళ్ళు, బెల్లు కొట్టేస్తారు.”