లూర్దెస్ కోసం జార్జియా నుంచి

తిండి దగ్గర నేను చేసిన వెధవ పనులు చాలా ఉన్నాయి. ఇప్పుడు చెప్పబోయేది వాటన్నిటినీ తలదన్నేది. మీరు నవ్వినా నేనేమీ అనుకోను. మధ్యలో నవ్వలేకపోతే మాత్రం ఆ తప్పూ నాదే.

ఆరేళ్ల కిందటి మాట. జార్జియాలో మేముండే కమ్మింగ్ నుంచి నేనూ మా ఆవిడ స్వప్నా మసాచుసెట్స్ చూడ్డానికి వెళ్లాం. అక్కడ ఫాల్ రివర్ అనే ఊళ్లో పోర్చుగీసు వాళ్లు తరతరాలుగా ఉంటున్నారు. హోటల్ కౌంటర్లో అమ్మాయి, "మధ్యాహ్నం పోర్చుగీస్ క్లబ్‌లో ఫుడ్ టేస్టింగ్ ఉంది, కింది హాల్లో" అని చెప్పింది. 'ఫుడ్' అన్న మాట దగ్గరే నా చెవులు పనిచేయడం మానేశాయి. అందుకే మెట్లెక్కి పై హాల్లోకి పోయాను.

గుమ్మంలో నల్ల గౌను వేసుకున్న ఒకావిడ నిలబడి ఉంది. "లూర్దెస్ కోసం వచ్చారా?" అంది.

అదేదో వంటకం పేరనుకున్నాను. "అవునండీ! లూర్దెస్ కోసమే జార్జియా నుంచి వచ్చాం" అన్నాను గొప్పగా.

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "అంత దూరం నుంచా! నాన్న ఎంత సంతోషిస్తారో!" అని నన్ను కావలించుకుని, ముందు బల్ల దగ్గర కూర్చోబెట్టింది.

"చూశావా మర్యాద!" అన్నాను స్వప్నతో.

"ఏమండీ, అందరూ బ్లాక్ వేసుకున్నారేంటి?"

"క్యాటరింగ్ వాళ్ల యూనిఫామ్ అయ్యుంటుంది."

"డెబ్భై ఏళ్ల ముసలాళ్లక్కూడానా?"

"ఈ దేశంలో రిటైర్ అవ్వడం అంత ఈజీ కాదు. తిను."

ఆకుకూర, బంగాళదుంపలు వేసిన చిక్కటి సూపు రెండు గిన్నెలు తాగాను. ఉప్పుచేపా బంగాళదుంపా కలిపి చేసిన కూర మూడుసార్లు వడ్డించుకున్నాను. ఇక తీపి కోసం కళ్లు వెతికాయి.

ఒక మూల చిన్న బల్ల మీద నవ్వుతున్న పెద్దావిడ ఫోటో ఉంది. దాని ముందు పింగాణీ గిన్నెలో పాయసం లాంటి పాలన్నం, పైన దాల్చినచెక్క పొడితో గీసిన ముగ్గు. ఈవిడే వంటమాస్టరు కాబోలనుకున్నాను. తిట్టుకునే ముందు ఒక్క మాట వినండి: ఫోటోకి దండ లేదు! దండ లేని ఫోటోలో మనిషి బతికే ఉంటుందని పుట్టినప్పట్నుంచీ నమ్మినవాణ్ణి నేను.

గిన్నె తీసుకుని అక్కడే నిలబడి ఖాళీ చేశాను. తల ఎత్తేసరికి హాలంతా నన్నే చూస్తోంది. నల్లకోటు వేసుకున్న ఒక పెద్దాయన నా దగ్గరికొచ్చాడు.

"బాగుందా?"

"సూపర్‌గా ఉందండీ! చేసినావిడ ఎక్కడ? థాంక్స్ చెప్పాలి."

"పొద్దున్నే పాతిపెట్టి వచ్చాం" అన్నాడు.

చెంచా గిన్నెలో పెట్టి, గిన్నెని మెల్లగా ఫోటో ముందుకు జరిపాను.

ఆయన పేరు మాన్యుయెల్. లూర్దెస్ ఆయన భార్య. సోమవారం సాయంత్రం ఆ పాలన్నం చేసింది. మంగళవారం పొద్దున లేవలేదు. "ఫ్రిజ్‌లో ఆ ఒక్క గిన్నే మిగిలింది. తినలేకపోయాను. పారెయ్యలేకపోయాను" అన్నాడాయన.

"సారీ అండీ... మేం కింది హాలుకి వచ్చినవాళ్లం. మీ భార్యగారు నాకు తెలియదు. లూర్దెస్ అంటే వంటకం పేరనుకున్నాను."

గుమ్మం దగ్గర నన్ను కావలించుకున్న కూతురు మొహం తిప్పుకుంది. ఆ క్షణంలో నేల చీలితే సంతోషంగా అందులోకి దిగేవాణ్ణి.

మాన్యుయెల్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అయితే నువ్వే నిజం చెప్పగలవు. పొద్దుట్నుంచీ అందరూ ఆమె గురించి మంచే చెబుతున్నారు. చెప్పు, పాలన్నం ఎలా ఉంది?"

స్వప్న నా చెయ్యి గిల్లింది. అయినా ఆ కళ్లలోకి చూస్తూ అబద్ధమాడలేకపోయాను. "కొంచెం... తీపి ఎక్కువైందండీ."

ఆయన పగలబడి నవ్వాడు. "నలభై రెండేళ్లు మొత్తుకున్నాను! ఒక్కరోజూ తగ్గించలేదు!" ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో తెలియలేదు. నా మణికట్టు పట్టుకుని, భుజాలు కదిలిపోతుంటే చాలాసేపు ఏడ్చాడు. తర్వాత గిన్నె అందుకుని, లోపల వేలితో తడిమి చూశాడు.

"ఒక్క మెతుకైనా మిగల్చలేదే!" అన్నాడు మెల్లగా.



కాబట్టి ఇందుమూలంగా నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను: ఎవరింట్లోనైనా సరే, వండినావిడ కులాసాగా ఉందని కళ్లారా చూసుకోనిదే చెంచా ముట్టను. కమ్మింగ్‌లో ఏ డిన్నర్‌కి వెళ్లినా నేను ముందు వంటింట్లోకి తొంగిచూసి, "ఆరోగ్యం ఎలా ఉందండీ?" అని అడుగుతాను. అక్కడి ఆడవాళ్లంతా నా అంత మర్యాదస్తుడు లేడని చెప్పుకుంటారు.