మగ్గం దెబ్బకు తిరిగిన రీలు

అన్న ఒకడున్నాడు కాబట్టి చోటే సాబ్, అంటే చిన్న సాబ్ అయ్యాడు గానీ, మనిషి ఆరడుగులు. యవ్వనమంతా ఆదోనిలో ఒక సినిమా హాలు మెషిన్ గదిలో గడిపాడు. తరువాత హాలు బట్టల షాపయింది, లోకం డిజిటల్ అయింది. ఈ రెండు దుర్వార్తలూ తనకు అధికారికంగా అందలేదన్నట్టు సాబ్ చేతితో తిప్పే పాత ప్రొజెక్టర్ ఒకటి కొన్నాడు. భార్య బడేబీ కుట్టు మిషన్ నూనెలో సగం దానికే పోస్తాడు.

ప్రొజెక్టర్‌తోపాటు వచ్చిన రీళ్లలో ఒక చిన్న డబ్బా మీద ‘ఎమ్మిగనూరు మగ్గాలు’ అని ఉంది. సాబ్ దాన్ని చంకన పెట్టుకుని, ప్రొజెక్టర్‌ను భుజానికెత్తుకుని ఎమ్మిగనూరు బస్సెక్కాడు. నేతగాళ్ల వీధిలో ఉరుకుందమ్మ అనే పెద్దావిడ ఫిల్మును వెలుగుకు పట్టి చూసి, అరుగు మీద కూలబడింది.

“మా నాయనప్పా!”

ఆయనకు ఫోటో అనేది ఒక్కటీ లేదు. ఈ లోకంలో మిగిలిన ముఖం ఇదే.

ఆ రాత్రి ఆమె నేసిన పంచెనే తెరగా, ఆమె మగ్గానికి ఎదుటి గోడకు కట్టారు. వీధి వీధంతా వచ్చింది. సాబ్ హాలు రోజుల అలవాటు కొద్దీ జోరుగా తిప్పాడు. ఆ రీలేమో కెమెరాను నిదానంగా తిప్పి తీసింది. దాంతో పాపం పెద్దాయన మగ్గం మీద కాలుగాలిన పిల్లిలా గంతులేశాడు. జనం పడీపడీ నవ్వారు. అంతలో రీలు పుటుక్కుమంది.

“మా నాయనను కోతిని చేసినావు కదా సాబన్నా! ఆయప్ప నేస్తాంటే గోడమింద బల్లి గూడా నిద్రపోతాండె.”

సాబ్ తల వంచుకుని తెగినచోట అతికించాడు. “రీలు ఎండిపోయిందక్కా. ఇంకొక్కసారి తిరిగితే గొప్ప. ఎంత నిదానంగా తిప్పాలో సెప్పు.”

“నోటితో సెప్తే వచ్చేదా అది?” అని ఆమె మగ్గం గుంటలోకి దిగింది. “ఆయప్ప నేర్పిన సెయ్యే ఇది. దీని ఎంబడి తిప్పు.”

మగ్గం మోగింది. సాబ్ ఆ దెబ్బనే వింటూ పిడి తిప్పాడు. గోడ మీది మనిషి కుదురుకున్నాడు. తండ్రి దెబ్బా కూతురి దెబ్బా ఒక్కసారే పడుతున్నాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు.

తెర మీద ఆయన తల ఎత్తి ఇటు చూశాడు. ఉరుకుందమ్మ చెయ్యి ఆగిపోయింది. సాబ్ మాత్రం ఆగలేదు. దీపం ముందు ఫిల్ము ఆగితే ముఖం కాలిపోతుంది. మగ్గం మౌనంగా ఉన్నా దాని దెబ్బ అప్పటికే అతని మణికట్టులోకి దిగింది. పిడి అదే నిదానంలో చివరిదాకా తిరిగింది. హాల్లో ఎన్ని ఈలలు విన్నా అంతటి పనితనం అతను ఎన్నడూ చూపి ఉండడు.

వెలుగు తెల్లగా మిగిలింది. ఆమె కళ్లు తుడుచుకుంది.

“సూసినావా సాబన్నా? ఇటు సూస్తా సూస్తా పోగు తెంపుకున్న్యాడు! ఒక పోగు తెగితే నన్ను దినమంతా తిడతాండె.”

“మళ్లీ తిప్పి సూపించేదా అక్కా?” అన్నాడు సాబ్, తన హెచ్చరిక తానే మరిచి.

“వద్దులే. ఆయప్ప పరువు దక్కనీ,” అంటూ ఆమె తన మగ్గం మీద పోగు సరిచేసుకుంది.